కట్టుడు పొగగొట్టం

పగలంతా పురసవాక్కంలో
ఎవరెవరివో పళ్ళు చేస్తాను.
మైనం, ప్లాస్టరు, గులాబీ రంగు చిగుళ్ళు.
రాత్రి అదే బల్ల మీద, అవే పనిముట్లతో
ఒక యుద్ధనౌక.

ఒకటికి మూడు వందల యాభయ్యో వంతు.
జానకి ఎక్కువ, మూరకి తక్కువ.
డెక్కు చుట్టూ కమ్మీలు ఇత్తడి రేకువి,
కనురెప్ప వెంట్రుకంత.
ఊపిరి బిగబట్టి అతికించాలి.
ఫ్యాను ఆపాలి. ఆపితే
మద్రాసు చెమట నుదుటి మీంచి జారి
సరిగ్గా ఫిరంగి మీదే పడుతుంది.

ముందు తెలుపు వేశాను.
యుద్ధం రాకముందు దాని ఒళ్ళు తెలుపట,
గొట్టాలు గంధం రంగట.
అది ఆరాక, పైన బూడిద రంగు.
"కింద తెలుపుందని ఎవడికి తెలుస్తుంది అణ్ణా"
అంటాడు ఇళమారన్, నా తోటి పిచ్చోడు,
పెరంబూరులో రైలుపెట్టెలకి రంగేసేవాడు.
నాకు తెలుస్తుందిగా.
ఆడిమాసం గాలికి ఒక దుమ్ము రేణువొచ్చి
తడి రంగులో కూర్చుంది.
ఈ కొలతలో అది బండరాయి.

నాలుగో గొట్టం దగ్గర
మా అక్క కూతురు మేదిని ఆపింది.
"అట్టపెట్టె మీద మూడేగా, మామా?"
అది నిజం గొట్టం కాదే,
కర్రలకి గుడ్డ చుట్టి నిలబెట్టారు,
దూరం నుంచి చూసినవాడు
తమ ఓడే అనుకోవాలని.
కాసేపు ఆలోచించి అంది:
"అంటే కట్టుడు పన్ను."

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని నాది.
నాకు తట్టలేదు.

(మద్రాసు ముందు ఆ రాత్రి అది లేదనే
ఇళమారన్ వాదన. కావచ్చు. నేను పెట్టాను.)

ఈ ఓడే, ఎమ్డెన్.
పద్నాలుగులో, భోజనాల వేళ దాటాక
లైటు తిప్పి, నూనె తొట్లు కాల్చి
పది నిమిషాల్లో వెళ్ళిపోయింది.
ఊరు దాన్ని తిట్టిపోయలేదు, మాటగా ఉంచేసుకుంది:
పక్కవాటా కుర్రాడు మేడ మీది వడియాలు మాయం చేస్తే
"వాడా? ఎమ్డెన్!" అంటుంది ఎదురింటి పాటి.

మా ముత్తవ్వ తాయారమ్మ అప్పటికి కొత్తకోడలు,
పెద్దినాయకన్ పేటలో.
బొమ్మల కొలువు పెట్టి మూడో రోజు.
ఆకాశం తూర్పున ఎర్రబడింది, అదీ రాత్రిపూట.
జట్కాలో పూందమల్లి దాకా పరుగు.
బొమ్మలు సర్దే వ్యవధి ఎక్కడిది?
వారానికి తిరిగొస్తే
అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట,
చిలక తప్ప. ముక్కు ఊడి, నేల మీద.

ఈ కొలతలో ముత్తవ్వ ఎంతుంటుంది?
లెక్క వేశాను. నాలుగు మిల్లీమీటర్లు, చిల్లర.
ఒక నూక.
కిట్టులో నావికులున్నారు, ఆఫీసర్లున్నారు.
ఒడ్డు లేదు.
చేటలోంచి నూకని ఏరి
మూడు వెంట్రుకల కుంచెతో కెంపురంగు చీర కట్టాను.
ఎక్కడ నిలబెట్టాలో తెలీక
అగ్గిపెట్టెలో పడుకోబెట్టాను.

ఆ తర్వాత రంగుసుద్ద అరగదీసి
గొట్టాల అంచులకి మసి అద్దాను.
లంగరు కింద తుప్పు కార్చాను, పలచగా,
ఏడాదిగా సముద్రంలో నానినట్టు.
ఇళమారన్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు.
వాడి మెప్పు అంతే.

ఈ ఏడు ఓడని కొలువులో పెట్టాల్సిందేనంది మేదిని.
నాలుగో మెట్టు, చెట్టియారు దంపతుల పక్కన.
కొలువుకి కొలతలు పట్టవు:
చెట్టియారమ్మ ముక్కుపుడకలో ఫిరంగిగుండ్లు వంద పడతాయి,
వెన్నదొంగ ఒక్క కాలు మోపితే
క్రూయిజరు మునిగిపోతుంది.

చిలక పై మెట్టు మీంచి చూస్తోంది.
"దీనికి ముక్కు పెట్టవా మామా? నీ దగ్గర రెజిన్ ఉందిగా."
ఉంది. రంగు కలపగలను.
అతుకు దాని తల్లికి కూడా కనపడదు.
విరిగిన చోట వేలు పెట్టి చూశాను.
మట్టి. ఇంకా గరుగ్గానే.

"వద్దులే" అన్నాను.
తను వినలేదు, అగ్గిపెట్టె తెరిచేసింది.
"ఇదేంటి, బియ్యపుగింజకి చీర!"
రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకెళ్ళి
చిలక ముందు పెట్టింది.